తిరిగివ్వకూడని కుండ

ఉడికించిన పట్టుగూళ్ళు తొట్టిలో వేడినీళ్ళ మీద తేలుతుంటాయి. ఒక్కో గూటి నుంచి కంటికి ఆనీ ఆనని పోగును పట్టుకుని, కొన్ని పోగులు కలిపి, పైన తిరిగే ఆసుకు అందించాలి. ఒక గూడు అయిపోగానే ఇంకోటి తగిలించాలి. ఆలస్యమైతే దారం సన్నబడుతుంది, ఇంకా ఆలస్యమైతే తెగుతుంది. ఒక్కో మనిషి ముందు అలాంటి దారాలు ఓ ఇరవై దాకా నడుస్తుంటాయి. జింగ్ దఫాంగ్ పెళ్ళయి కొండల్లోంచి జియాలింగ్ నది ఒడ్డుకు వచ్చిన ఏడాదే అక్కడి పట్టుదారం మిల్లులో ఆ తొట్టి ముందు నిలబడింది. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

కదల్లేదంటే నిజంగానే కదల్లేదు. దారాలు వదిలి పక్కకు వెళ్ళాలంటే బదులు మనిషి రావాలి. షెడ్డు మొత్తానికి బదులు మనిషి ఒక్కతే. ఆవిడ ఈ చివర ఉంటే ఆ చివరివాళ్ళు కాళ్ళు మార్చి మార్చి నిలబడాల్సిందే. దానికి మిల్లు ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం నీళ్ళు తాగడం మానేయడం. పొద్దున తాగే గంజి కూడా ముద్దగా కాచుకునేవాళ్ళు. చుట్టూ ఆవిరి, నానిపోయి తెల్లగా ఉబ్బిన చేతులు, మెడ కింద కారే చెమట. నోట్లో మాత్రం చుక్క పడదు. ఇంత తెలివైన ఉపాయానికి బహుమతిగా వాళ్ళకు దొరికేది ‘లిన్’.

లిన్ అంటే తెలియనివాళ్ళు అదృష్టవంతులు. మూత్రం మండుతూ చుక్కలు చుక్కలుగా వస్తుంది. వెళ్ళొచ్చి తలుపు వేసేలోగా మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. పొత్తికడుపులో ఎవరో పిడికిలి బిగించి కూర్చున్నట్టుంటుంది. దఫాంగ్‌కు అది మొదటి వేసవిలోనే వచ్చింది. కొత్త కోడలు, ఊరు కొత్త, ఎవరికీ చెప్పుకోలేక పళ్ళ బిగువున నిలబడితే, కనిపెట్టింది పక్క తొట్టి దగ్గరి తాన్ షిబీ.

తాన్ పిన్ని దఫాంగ్ కంటే పదిహేనేళ్ళు పెద్ద. మిల్లులో పక్క తొట్టి, క్వార్టర్లలో పక్క ఇల్లు. పోగు దొరకబుచ్చుకోవడం దఫాంగ్‌కు నేర్పింది ఆవిడే. మాట గరుకు, చెయ్యి మెత్తన. ఆ రోజు షిఫ్టు అయ్యాక ఏమీ అడగకుండా దఫాంగ్‌ను నది ఒడ్డుకు తీసుకుపోయి, బండ్లు నడిచే దారి పక్కన మొలిచే వెడల్పాటి ఆకులు కోయించింది, దర్భ వేళ్ళు తవ్వించింది. తన మందుకుండ ఇచ్చి, ఎంత నీళ్ళు పోయాలో, ఎంతవరకు మరగాలో చెప్పింది. కొన్నాళ్ళు తాగేసరికి మంట చేత్తో తీసేసినట్టు పోయింది.

దఫాంగ్ పుట్టిన కొండ ఊళ్ళో ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. అక్కడ కషాయం కాచిపెట్టేది వైద్యుడే, మందుకుండలన్నీ ఆయన ఇంట్లోనే ఉండేవి. కాబట్టి మందుకుండ సంగతి వేరని ఆ పిల్లకు చెప్పినవాళ్ళు లేరు. కుండను బూడిదతో తళతళలాడేలా తోమి, నిండా గుడ్లు పెట్టి, పొద్దున్నే తాన్ పిన్ని గుమ్మంలో పెట్టి వచ్చింది. మొహం నిండా నవ్వు.

నదీతీరాన పసిపిల్లాడికి కూడా తెలిసిన విషయం ఇది: అరువు తెచ్చిన మందుకుండను తిరిగివ్వకూడదు. ఇస్తే రోగాన్ని తిరిగి పంపినట్టు. కుండ చివరిసారి ఎవరింట్లో మరిగిందో అక్కడే ఉండాలి. సొంతదారుకు అవసరం పడితే తనే వచ్చి పట్టుకుపోవాలి, ఇంకెవరికైనా అవసరం పడితే వాళ్ళు వచ్చి అడిగి తీసుకోవాలి. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, మందుకుండ కొనడమంటే రోగాన్ని ఇంటికి పిలిచి పీట వేయడమే. అందుకే వరస ఇళ్ళన్నిటికీ ఒక్కటే కుండ.

తాన్ పిన్ని తలుపు తీసింది, చూసింది. గుడ్లు ఒక్కొక్కటిగా తీసి రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద పెట్టి, కుండ లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. ఆకురాలే కాలానికి ఆవిడ భర్త పాన్ దగ్గడం మొదలెట్టాడు. మిల్లు బాయిలర్ దగ్గర బొగ్గు వేసే మనిషి, నిండా బలంగా ఉండేవాడు. కొత్త సంవత్సరం పండగకు ముందే పోయాడు. వరస వరసంతా అనుకున్నది దఫాంగ్ చెవిన పడనే పడింది. తాన్ పిన్ని మాత్రం ఒక్క మాట అనలేదు. అసలు పాన్ పోయిన రోజు నుంచి దఫాంగ్‌తో ఏ మాటా అనలేదు.

ఏళ్ళు గడిచాయి. దఫాంగ్‌కు కొడుకు పుట్టాడు, బడికి వెళ్ళాడు, మీసం మొలిచే వయసుకు వచ్చాడు. రోజూ మోచేయి మోచేయి తగిలేంత దగ్గరగా నిలబడి ఇద్దరూ దారం తీశారు. పలుకు లేదు. దఫాంగ్ ఎదురు మాట్లాడలేదు, తనకు తెలియక చేశానని వాదించనూ లేదు. పొద్దున్నే తన గుమ్మం ఊడ్చేటప్పుడు పక్క గుమ్మం కూడా ఊడ్చేది. బొగ్గుబిళ్ళల బండి వస్తే పిన్ని వంతు కూడా మోసుకొచ్చి ఆవిడ పొయ్యి పక్కన పేర్చేది. తాన్ పిన్ని అవి వాడుకునేది. తల మాత్రం తిప్పేది కాదు.

మధ్యలో లిన్ వస్తూనే ఉంది. దఫాంగ్ వైద్యం దఫాంగే చేసుకునేది: నది ఒడ్డుకు పోవడం, అవే ఆకులు, అవే వేళ్ళు సత్తుగిన్నెలో మరిగించి తాగడం. మరీ ఎక్కువైతే మిల్లు డిస్పెన్సరీలో మాత్రలు తెచ్చుకునేది. రెండు రోజులు వేసుకుని మంట తగ్గగానే మిగతావి డబ్బాలో దాచేది, వచ్చేసారికి పనికొస్తాయని. ఏడాదికి ఒకసారి వచ్చేది కాస్తా రెండు మూడుసార్లయింది.

ఉమ్మడి సాగు పొలాలను ఇళ్ళవారీగా పంచిన తర్వాత పల్లెల్లో అందరూ పోటీపడి పట్టుపురుగులు పెంచసాగారు. మిల్లుకు గూళ్ళు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఆ వేసవి షిఫ్టుల్లో ఊపిరి పీల్చుకోవడానికి కూడా తీరిక లేకపోయింది. దఫాంగ్‌కు నెలకోసారి లిన్ రాసాగింది. మొహం పాలిపోయింది, నడుము లాగేసేది, అన్నం సయించేది కాదు. ఒక రోజు మూత్రంలో ఎర్రటి జీర కనిపించింది. ఆ వారంలోనే మేస్త్రీ వచ్చి, ఇన్నిసార్లు పరుగెత్తే మనిషికి తొట్టి ఇవ్వలేననీ, ఇలాగే ఉంటే గూళ్ళు ఏరే పనికి మార్చేస్తాననీ చెప్పి వెళ్ళాడు. ఎర్రటి జీర కంటే దఫాంగ్‌ను ఎక్కువ భయపెట్టింది ఆ మాటే. దారం తీయడం తప్ప తనకు వచ్చిన విద్య ఇంకొకటి లేదు.

చివరికి పట్టుకున్నది మొగుడు లువో. ధాన్యం పడవల మీద కూలి, ఇంట్లో ఉండేది తక్కువ. ఉన్న ఆ తక్కువ రోజుల్లోనే పెళ్ళాం రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో గమనించి, రేవు దగ్గర మూలికల దుకాణం పై అంతస్తులో కూర్చునే షియాన్ వైద్యుడి దగ్గరికి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

ముసలాయన కనుబొమల్లో వెంట్రుకలు పొడవుగా పెరిగి కళ్ళ మీదికి వాలి ఉంటాయి. ఏమిటి బాధ అని అడిగాడు. దఫాంగ్ నేల చూపులు చూసింది. పంటి నొప్పయితే వీధంతా చెప్పుకునే మా ఊరి ఆడవాళ్ళు నడుముకు కింద ఏమైనా అయితే ప్రాణం మీదికి వచ్చేదాకా నోరు విప్పరు. ఆ సిగ్గు వల్ల బాగుపడ్డ మనిషిని నేనింతవరకు చూడలేదు. లువో కలగజేసుకుని కడుపునొప్పి అన్నాడు, నడుమునొప్పి అన్నాడు, నిద్ర పట్టదన్నాడు. వైద్యుడు విని విని, కింద దుకాణంలో పొగాకు బాగుంటుంది, పోయి తెచ్చుకోమని అతన్ని పంపేశాడు.

తర్వాత మూడు వేళ్ళు ఆమె మణికట్టు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఈ చెయ్యి అయ్యాక ఆ చెయ్యి. నాలుక చాపమన్నాడు. పాలిపోయి, అంచుల్లో పళ్ళ గుర్తులు పడి ఉంది. ఏమేం తాగావని అడిగితే ఆకుల పేర్లు చెప్పింది. అవి చెప్పడానికి సిగ్గు లేదు కదా.

“మొదటిసారి నీకు వచ్చింది వేడి. కింది కడుపులో తేమా వేడీ కలిసి కూర్చుంటే మంట పుడుతుంది. దానికి ఆ ఆకులు సరైనవే, ఎవరు చెప్పారో గానీ బాగా చెప్పారు,” అన్నాడు. “ఆ తర్వాత ప్రతిసారీ అవే తాగావు. అవి చలవ చేసేవి అమ్మాయ్. ఆరిపోయిన పొయ్యిలో ఇన్నేళ్ళుగా నీళ్ళు పోస్తూ కూర్చున్నావు. ఇప్పుడు నీకున్నది వేడి లిన్ కాదు, అలసట లిన్. ఒంట్లో పట్టు లేదు, అందుకే కాస్త కష్టపడగానే తిరగబెడుతోంది.”

కష్టపడకపోతే ఎలా గడుస్తుందని దఫాంగ్ గొణిగింది.

“కష్టపడొద్దని ఎవరన్నారు? నీళ్ళు తాగమంటున్నా. వచ్చినప్పుడు వెళ్ళమంటున్నా. మందులో సగం అదే. సగం పారబోసి సగం తాగుతానంటే నా మెట్లెక్కి రాకు.”

డిస్పెన్సరీ మాత్రలు దాచుకుంటోందని తెలిసి, అవేమన్నా పండగ మిఠాయిలా, ఇచ్చినన్నీ మింగు అని కోప్పడ్డాడు. చలిజ్వరం వచ్చి, వీపు పక్కన నొప్పి పుడితే మాత్రం తన కోసం చూడొద్దనీ, తిన్నగా జిల్లా ఆసుపత్రి బస్సెక్కమనీ చెప్పాడు. పసుప్పచ్చని హువాంగ్‌చి వేరు ముక్కలు, పెండలం చెక్కలు, కాస్త అతిమధురం, ఇంకా ఏవేవో రాసిచ్చాడు. మట్టికుండలోనే కాచాలి, ఇనుమూ సత్తూ తగలకూడదు అన్నాడు. ఆఖరున, బాగయ్యేదాకా మిరపకాయ ముట్టుకోవద్దన్నాడు. అప్పుడే మెట్లెక్కి వస్తున్న లువో ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. మిరపకాయ లేకుండా అన్నం గొంతు ఎలా దిగుతుందో, రోగం తనదే అయినట్టు దారి పొడుగునా బాధపడ్డాడు.

ఇంటికొచ్చాక మట్టికుండ సమస్య. కుండ తాన్ పిన్ని ఇంట్లో ఉంది, వసంతంలో దగ్గు వస్తే ఇంకో ఇంటి నుంచి ఆవిడే తెచ్చుకుంది. తను వెళ్ళి అడుగుతానని లువో లేచాడు. దఫాంగ్ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఆ గడపలో ఒకసారి రోగం పెట్టి వచ్చాను. మళ్ళీ ఆ కుండే అడగమంటావా? చచ్చినా సరే, అడగను.”

అలా మందు సత్తుగిన్నెలోనే మరిగింది. తాగాక మిగిలిన పిప్పిని ఆనవాయితీ ప్రకారం సందు మొదట్లో నడిదారిలో పారబోసింది, పదిమంది తొక్కితే రోగం వాళ్ళ అడుగులతో పోతుందని. ఒక సాయంత్రం ఆ దారిన వస్తున్న తాన్ పిన్ని పిప్పి దగ్గర ఆగింది. చెప్పు కొనతో కెలికింది. వంగి ఒక ముక్క తీసి వాసన చూసింది. పాన్ ఆఖరి నెలల్లో ఆవిడ కాచిన కషాయాలకు లెక్క లేదు, పిప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇంటికొచ్చి, గుమ్మం బయటి తన పొయ్యి ముందు నిలబడి, బొగ్గుబిళ్ళతో మాట్లాడింది.

“కొందరికి మందు కొనడం తెలుసు, కాచడం తెలియదు. సత్తుగిన్నెలో కాచి తాగేకంటే ఆ గిన్నే నమిలి మింగొచ్చు.”

పక్కింటి తలుపు వెనక నుంచి దఫాంగ్ వింది. తనతో కాకపోయినా, తన గురించి ఇన్నేళ్ళకు వచ్చిన మొదటి మాట అది. అడగనివాళ్ళ ఇంటికి మందుకుండ పట్టుకెళ్ళి ఇవ్వడమూ తప్పే, నీకు రోగం రావాలని కోరినట్టు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తాన్ పిన్ని లోపలికి పోయి కుండ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. ఈసారి మాటలు గోడ మీద కూర్చున్న పిల్లితో.

“ఇక్కడ పెడుతున్నా. నువ్వు పడేస్తే పడేయ్, ఎవరన్నా ఎత్తుకుపోతే ఎత్తుకుపోనీ. పాత కుండ, నాకెందుకు.”

ఆ తర్వాత వరస చివరిదాకా వినిపించేలా తలుపు వేసుకుంది. ఇంత చప్పుడుతో తలుపు వేసుకునే అలవాటు ఆవిడకు లేదు. దఫాంగ్ బయటికి వచ్చి కుండ ఎత్తుకుంది. దొంగలా అటూ ఇటూ చూస్తూ, ఏడుస్తూ, లోపలికి తెచ్చుకుంది.

సగం మందు కుండలో కుదిరింది. మిగతా సగం మిల్లులో తాగాల్సింది, అది కష్టం. వైద్యుడి మాట మీద దఫాంగ్ ఫ్లాస్కులో నీళ్ళు తెచ్చుకుని తాగసాగింది. తాగితే వెళ్ళాలి. వెళ్దామంటే బదులు మనిషి ఎక్కడో ఆ చివర. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక, తెగితే తెగనీ అనుకుని దారాలన్నీ వదిలేసి పరుగెత్తింది. ఆదరాబాదరా తిరిగి వచ్చింది. మేస్త్రీ తన తొట్టి దగ్గర నిలబడి ఉంటాడనుకుంది.

దారాలన్నీ నడుస్తున్నాయి. ఒక్కటీ తెగలేదు, ఒక్కటీ సన్నబడలేదు. తాన్ పిన్ని తన తొట్టి ముందే, తన దారాల వైపే చూస్తూ నిలబడి ఉంది. దఫాంగ్ వైపున్న ఆవిడ చొక్కా చెయ్యి మాత్రం మోచేతి దాకా తడిసి నీళ్ళు కారుతోంది.

ఆ రోజు నుంచి అది వాడుకగా మారింది. దఫాంగ్ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. తాన్ పిన్ని తల ఎత్తకుండానే అర అడుగు ఎడమకు జరుగుతుంది. ఒక్క మనిషి నలభై దారాలు చూడటం చిన్న సంగతి కాదు, చూసినవాళ్ళకు తెలుస్తుంది. తొట్ల వరసలో అందరూ చూశారు, ఒక్కరూ నోరెత్తలేదు. మేస్త్రీ కూడా అటు వచ్చినప్పుడల్లా పైకప్పు దూలాలు పరిశీలించేవాడు. గూళ్ళు ఏరే పని సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆకులు రాలే వేళకు దఫాంగ్ రాత్రంతా లేవకుండా నిద్రపోయింది. పొద్దున మెలకువ వచ్చాక ఆ సంగతి గుర్తొచ్చి, మంచం మీద కూర్చుని చాలాసేపు నవ్వుకుంది. మొహానికి రంగు వచ్చింది. అన్నం రుచి తెలిసింది. షియాన్ వైద్యుడు మణికట్టు వదిలి, ఇక రావద్దు, నీ మొగుడికి మిరపకాయలు పెట్టు పాపం అన్నాడు. ఆయనకు ఒక కోడిపెట్టను ఇచ్చింది, ఆయన సంతోషంగా పుచ్చుకున్నాడు. రోగం తగ్గించింది వేరు ముక్కలా, మాత్రలా, నీళ్ళా అని లువో అడిగితే, అన్నిటికీ దండమే అంది.

అన్నిటికీ దండం పెట్టుకోవచ్చు, తాన్ పిన్నికి ఎలా పెట్టుకోవాలి? ఏదైనా చేత పట్టుకుని ఆ గుమ్మం ఎక్కుదామంటే కాళ్ళు రావు. వట్టి చేతులతో వెళ్ళి మాట చెప్దామంటే గొంతు దాటదు. కుండ ఇంట్లో అలమర మీద ఉంది. తిరిగివ్వకూడదు. రోజూ దాని దుమ్ము తుడుస్తూ, ఈ కుండ కోసం ఆవిడ ఎన్నడూ రాకూడదు దేవుడా అనుకునేది. ఆ వెంటనే, ఒక్కసారి వస్తే బాగుండు అనిపించేది. ఈ రెండూ ఒకే మనిషి ఎలా కోరుకుంటుందో తనకే అర్థమయ్యేది కాదు.

పండగకు చూరుల కింద ఉప్పు మాంసం వేలాడదీసిన రోజుల్లో, ఒక సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే తాన్ పిన్ని.

“నా కుండ,” అంది.

మొహం పాలిపోయి ఉంది. దఫాంగ్ కంగారుగా అడిగింది.

“ఎవరికి పిన్నీ?”

“ఎవరున్నారు నాకు? నాకే.”

ఏమైందని అడిగితే తాన్ పిన్ని గోడ వైపు చూసింది. ఆవిడా మా ఊరి ఆడదే కదా. గోడకే చెప్తున్నట్టు అంది.

“నీకొచ్చిందే.”

దఫాంగ్ గడప మీద కూలబడిపోయింది. మళ్ళీ తనే. మళ్ళీ తన రోగమే ఆ ఇంటికి పోయింది. అదే మాట పైకి అంటూ ఏడ్చింది. తాన్ పిన్ని విసుక్కుంది.

“ఆపవే. కుండ నీ ఇంట్లో ఉంది, రోగం నా ఒంట్లో ఉంది. కుండకు కాళ్ళొచ్చి నడిచొచ్చిందా? రెండు తొట్లు చూసుకుంటూ నిలబడితే వెళ్ళే తీరికెక్కడ ఏడ్చింది నాకు? నేనూ నీళ్ళు మానేశాను.”

ఓదార్చడానికే అంది. అన్నాక ఆ మాటకు అర్థమేమిటో తనకే తట్టింది. దఫాంగ్ ఏడుపు రెట్టింపయింది. తాన్ పిన్ని కాసేపు నిలబడి, ఇక నిలబడలేక ఆమె పక్కనే గడప మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాని నాని ముడతలు పడ్డ చేతులు.

“విను,” అంది. “పాన్ ఆ ఏడు వేసవిలోనే రక్తం కక్కాడు. నువ్వు గుడ్లు తెచ్చేనాటికే. గుడ్డలో తుడుచుకుని బాయిలర్‌లో పడేస్తుంటే నేను చూశాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు, పన్లోంచి తీసేస్తారని. నేను చెప్పలేదు. పోయాక నాకు కోపం వచ్చింది. ఆయన మీద చూపిద్దామంటే ఆయన లేడు. నా మీద నేను చూపించుకుంటే బతకలేను. నువ్వు పక్కనే ఉన్నావు.”

దఫాంగ్ ఏడుపు ఆగిపోయింది.

“ఒక్కసారన్నా ఎదురు తిరుగుతావని చూశాను. తిరిగుంటే నిజం కక్కేసేదాన్ని. నువ్వేమో నా గుమ్మం ఊడ్చావు. నీ మీద కోపం పట్టుకుని ఆ చలికాలం లేచి పనికి పోయానే నేను. అది లేకపోతే లేచేదాన్ని కాదు. తర్వాత్తర్వాత చెప్దామంటే మొహం చెల్లలేదు.”

ఒక్క క్షణం దఫాంగ్‌కు ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? ఒక మనిషి చావును నెత్తిన పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగింది. వరసలో పెళ్ళి జరిగితే ముందు నిలబడలేదు, ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా చూడటానికి వెళ్ళలేదు, తన చెయ్యి మంచిది కాదని. ముందే చెప్పి ఉండొచ్చు కదా పిన్నీ అంది. చెప్పి ఉండాల్సింది అని తాన్ పిన్ని ఒప్పుకుంది. పక్కింటి పొయ్యి మీద ఎవరిదో పోపు చిటపటలాడింది.

దఫాంగ్ ఒళ్ళుమంట ఎంతసేపో నిలవలేదు. దాని అడుగు నుంచి ఇంకోటి పైకి వచ్చింది: తను ఎవర్నీ చంపలేదు. ఆ మాట లోపల తిరుగుతూంటే దఫాంగ్‌కు ఊపిరి తేలిగ్గా ఆడింది. చెప్పకపోయినా గడిచిపోయేది, జీవితాంతం దాచుకోవచ్చు, అయినా ఈవిడ వచ్చి చెప్పింది. కుండ వంకతో వచ్చి చెప్పింది. దఫాంగ్ ఆ ముడతల చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకు అద్దుకుంది. తాన్ పిన్ని చేతులు లాక్కోబోయింది. తర్వాత వదిలేసింది.

తెల్లారాక ఇద్దరూ షియాన్ వైద్యుడి మెట్లెక్కారు. నది ఒడ్డున నాలుగాకులు కోసుకుంటే చాలదా, మగవాడి ముందు ఇవేం మాటలు అని తాన్ పిన్ని దారంతా మొరాయించింది. దఫాంగ్ రెక్క వదల్లేదు. వైద్యుడు మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించి, ఏమిటి బాధ అని అడిగాడు. తాన్ పిన్ని నేల చూపులు చూసింది.

“మంట, డాక్టరుగారూ,” అంది దఫాంగ్. “చుక్కలు చుక్కలుగా వస్తుంది. వెళ్ళొచ్చినా తీరదు. నీళ్ళు తాగదు, వస్తే ఆపుకుంటుంది. నాకోసం నిలబడి తెచ్చుకుంది.”

వైద్యుడు కనుబొమలు పైకి జరిపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇది వేడిదే, ఆకులు చాలు, త్వరగానే తగ్గుతుంది అన్నాడు. కానీ మందులో సగం సంగతేమిటి, వచ్చినప్పుడు వెళ్ళడానికి నీ తొట్టి చూసేవాళ్ళున్నారా అని తాన్ పిన్నిని అడిగాడు.

తాన్ పిన్ని తల ఎత్తి దఫాంగ్ వైపు చూసింది.

“ఉంది,” అంది. “మా అమ్మాయి ఉంది.”